ప్రోగ్రెసివ్ రాక్: గోనెగండ్ల శ్రోతకు తొలి ఆల్బమ్‌లు

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర ఇంగ్లండులో పుట్టి, 1970ల మధ్య దాకా వెలిగిన రాక్ సంగీత శాఖ. అంతకుముందు రాక్ పాట అంటే మూడు నిమిషాలు, నాలుగు లెక్క తాళం, ఒక ప్రేమ ముచ్చట. ఈ శాఖ ఆ కొలతలను పక్కన పెట్టింది. ఇరవై నిమిషాల రచనలు, ఐదు, ఏడు, తొమ్మిది లెక్కల తాళాలు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ జాజ్ నుంచీ జానపదం నుంచీ తెచ్చుకున్న పోకడలు, మొదటి నుంచి చివరి దాకా ఒకే కథగానో ఒకే భావంగానో సాగే ఆల్బమ్‌లు దీని గుర్తులు. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్, యెస్, జెనిసిస్, జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ ఇందులో ముందుగా చెప్పుకోవలసిన బృందాలు. ఆ ఆల్బమ్‌లను పరిచయం చేస్తూ, కర్నూలు జిల్లా పడమటన ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల వైపు పెరిగిన చెవికి ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను సూచించడం ఈ వ్యాసం పని.

ఆ ప్రాంతానికి వేరే వరుస ఎందుకంటే, ఈ సంగీతంలో కష్టమని పేరుపడ్డ మూడు సంగతులు అక్కడ కష్టాలు కావు. నిడివి కష్టమంటారు. తాళం కష్టమంటారు. ఆల్బమ్ మొత్తం ఒకే కూర్పుగా వినడం కష్టమంటారు. పడమటి కర్నూలు పల్లెలో ఈ మూడూ ముందునుంచీ ఉన్నవే. కొత్తగా అనిపించేది ధ్వని ఒక్కటే: కరెంటు గిటారు గరగర, సింథసైజర్ మోత, డ్రమ్స్ దెబ్బ. కాబట్టి మెత్తని ధ్వని ఉన్న ఆల్బమ్‌తో మొదలుపెట్టి గరుకుదానికి వెళ్లాలి. ఏది ముందు పుట్టిందో, ఏది ఎక్కువ అమ్ముడైందో ఇక్కడ లెక్కలోకి రాదు.

ముందే ఉన్న వినికిడి

బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలాట, పద్యనాటకం ఏవీ మూడు నిమిషాల కళలు కావు. రాత్రి మొదలైన నాటకం తెల్లవారుజామున ముగిసేది. పండరి భజనలోనూ చెక్కభజనలోనూ ఒక పాట నెమ్మదిగా ఎత్తుకుని, అడుగు మారి, కాలం పెరిగి, చివరికి చెక్కల మోతగా తేలుతుంది. ఒకే రచనలో గతులు మార్చుకుంటూ పోవడమంటే ఇదే. యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అనే పంతొమ్మిది నిమిషాల రచనలో చేసినదీ అదే.

ఎల్పీని మొత్తంగా వినే అలవాటు కూడా తెలుగు ఊళ్లకు ఉంది. ఘంటసాల తన చివరి సంవత్సరాల్లో పాడిన భగవద్గీతను తీసుకోండి. శ్లోకం, దాని వెంట తెలుగులో తాత్పర్యం, మధ్యలో వాద్యాలు, ఒకే ఎత్తుగడ నుంచి ఒకే ముగింపుకు నడిచే కూర్పు. గుడి మైకులోనూ చావు జరిగిన ఇంటి ముందూ దాన్ని మొదటి నుంచి వినిపించారు తప్ప ముక్కలుగా కోసి కాదు. పాశ్చాత్యులు ‘కాన్సెప్ట్ ఆల్బమ్’ అనే పదంతో చెప్పేది ఇలాంటి దాన్నే. ఆ మాట తెలియకుండానే మన ఊళ్లు ఆ పద్ధతిలో విన్నాయి.

ఎల్పీ రికార్డు 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ద్వారా వచ్చింది. అంతవరకు 78 స్పీడు రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే నడిచేది. ఎల్పీలో ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టింది. ఎమ్మిగనూరులో బస్సెక్కి గోనెగండ్లలో దిగేలోపు ఇంచుమించు ఒక వైపు అయిపోతుంది. ఈ శాఖలోని పెద్ద రచనల్లో చాలా ఇరవై నిమిషాల చుట్టూ తిరగడానికి కారణం అదే. రికార్డు తిప్పకుండా ఎంతసేపు వినగలమో అంతే పెద్ద పాట.

తాళం

గురజాడ అప్పారావు దేశభక్తి గేయాన్ని బడిలో అప్పజెప్పని తెలుగు పిల్లలు తక్కువ. అది ముత్యాల సరంలో ఉంది. నిండు పాదానికి పద్నాలుగు మాత్రలు, మూడు-నాలుగు, మూడు-నాలుగుగా నడుస్తుంది. అంటే మిశ్రగతి. చదువుకున్న ప్రతి తెలుగువాడి నాలుక మీదా ఏడు లెక్క చిన్నప్పుడే కూర్చుంది.

పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాట ఏడు లెక్కలో ఉంది. చిల్లర నాణేలు, దుకాణంలో డబ్బు లెక్కగట్టే యంత్రం చేసే చప్పుళ్లను టేపు మీద ముక్కలుగా అతికించి, ఆ చప్పుళ్లతోనే ఆవర్తం కట్టారు. తొడ మీద చేత్తో తాళం వేస్తూ ‘తకిట తకధిమి’ అనుకుంటే పాట వెంటనే పట్టుకు వస్తుంది. శాక్సఫోన్ వాయించేంతసేపూ ఏడే. గిటారు అందుకున్నాక నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు వస్తుంది. ఆ మార్పును చేయి ముందు పసిగడుతుంది, చెవి తర్వాత.

జెత్రో టల్ 1969లో విడుదల చేసిన ‘లివింగ్ ఇన్ ద పాస్ట్’ ఐదు లెక్క. ఖండ చాపు వేయగలిగినవారికి అది పిల్లల పాటంత సులువు. జెనిసిస్ ‘సప్పర్స్ రెడీ’లో ఒక భాగానికి తొమ్మిది లెక్క అని పేరులోనే పెట్టారు. కింగ్ క్రిమ్సన్ ‘స్టార్‌లెస్’ నడిమి భాగం పదమూడు. మృదంగం నేర్చినవారికి పదమూడు భయపడవలసిన సంఖ్య కాదు. మిగతావారు లెక్క మానేసి బేస్ గిటారును వెంబడిస్తే చాలు, అది దారి తప్పనివ్వదు.

మొదటి ఆల్బమ్: ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్

పింక్ ఫ్లాయిడ్ 1965లో లండన్‌లో ఏర్పడింది. మొదట బృందాన్ని నడిపిన సిడ్ బారెట్ మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో తప్పుకున్నాడు. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ మిగిలారు. 1973 మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్‌ను ఆబీ రోడ్ స్టూడియోలో చేశారు, ఇంజనీరు అలన్ పార్సన్స్. కాలం, డబ్బు, పోరు, చావు, మతి చలించడం, అంటే మనిషి బతుకును నలిపే సంగతులు, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. నిడివి 43 నిమిషాలు. అమెరికా బిల్‌బోర్డ్ మొదటి 200 ఆల్బమ్‌ల పట్టికలో 1973 నుంచి 1988 వరకు 741 వారాలు నిలిచింది. నల్లని అట్ట మీద పట్టకం గుండా వెలుగు ఆరు రంగులుగా చీలే బొమ్మ హిప్‌నోసిస్ సంస్థ రూపకల్పన. బడిలో ఫిజిక్సు పుస్తకంలో చూసిన బొమ్మే అది.

ఇందులో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ మొదట వినాలి. పాడే మాటలు లేవు. క్లేర్ టోరీ అనే గాయని పియానో మీద గొంతెత్తి ఆలాపన చేస్తుంది, అంతే. చావును గురించి పాడమన్నారు, మాటలు వద్దన్నారు. శోకం, తిరుగుబాటు, అలసట, లొంగుబాటు ఆ గొంతులో వరుసగా వినబడతాయి. అప్పట్లో ఆమెకు ఇచ్చినది ముప్పై పౌండ్లు. చాలా ఏళ్ల తర్వాత కోర్టుకెక్కి, 2005లో రాజీ కుదిరాక, ఆ రచనలో ఆమె పేరు కూడా చేరింది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ పాటకు అనువాదం అక్కర్లేదు.

దీని తర్వాత పింక్ ఫ్లాయిడ్‌లోనే ఇంకొంచెం ఉండటం మంచిది. ‘మెడిల్’ (1971) రెండో వైపంతా నిండిన ‘ఎకోస్’ ఇరవై మూడున్నర నిమిషాలు. పియానో మీద ఒకే ఒక్క స్వరం నీటి బొట్టులా పడి, దాని చుట్టూ సంగీతం పేరుకుంటుంది. తంబూరా శ్రుతి మీద రాగం లేచినట్టే. ‘విష్ యు వర్ హియర్’ (1975) బారెట్‌ను తలుచుకుంటూ చేసినది. 1975 జూన్ 5న రికార్డింగు జరుగుతుండగా బారెట్ స్టూడియోలోకి వచ్చాడు. లావెక్కి, గుండూ కనుబొమలూ గీయించుకుని ఉన్న ఆ మనిషిని పాత స్నేహితులు కాసేపటిదాకా పోల్చుకోలేదు. ఈ సంగతి తెలిశాక ఆ ఆల్బమ్ మునుపటిలా వినబడదు.

పిల్లనగ్రోవి దారి

పడమటి కర్నూలువారికి రెండో మెట్టు జెత్రో టల్ కావాలి. మల్లయ్యను కొలిచే గొరవయ్యలను చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. కంబళి కట్టి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టి, ఒక చేత డమరుకం, ఇంకో చేత పిల్లనగ్రోవి, అదే మనిషి పాడతాడు, వాయిస్తాడు, గంతేస్తాడు. జెత్రో టల్ నాయకుడు ఇయన్ ఆండర్సన్ కూడా అంతే. ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదుతూ, మధ్యలో అదే నోటితో కేకలు, గురగురలు కలిపి, మళ్లీ పాట అందుకుంటాడు. రాక్ సంగీతంలో వేణువును ముందు వరుసకు తెచ్చిన మనిషి ఈయన.

‘ఆక్వాలంగ్’ (1971) వారి ఆల్బమ్‌లలో పేరుమోసినది. కానీ ఇక్కడ వినవలసింది ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ (1972). రెండు వైపులా కలిపి ఒకే పాట, నలభై మూడు నిమిషాలకు పైన. జెరాల్డ్ బోస్టాక్ అనే ఎనిమిదేళ్ల కుర్రవాడు రాసిన పద్యానికి సంగీతం కట్టామని చెప్పారు. ఆ కుర్రవాడు లేడు, అదంతా కల్పన. అట్టను పన్నెండు పేజీల స్థానిక దినపత్రికలా అచ్చు వేశారు. చెక్కభజనలో పాట పల్లవికి తిరిగొచ్చినట్టు ఇందులో మొదటి గిటారు వరస చివరికి తిరిగొస్తుంది. మధ్యలో దారి తప్పినట్టనిపించినా ఆపవద్దు.

మాటలు అసలు వద్దనుకునేవారు కేమెల్ బృందం ‘ద స్నో గూస్’ (1975) ఎంచుకోవచ్చు. పాల్ గాలికో రాసిన చిన్న నవలను వాద్యాలతోనే చెప్పారు. ఈ శాఖ మొత్తంలో ఇంత మెత్తని ఆల్బమ్ అరుదు.

నడిమి మెట్లు

మూడీ బ్లూస్ ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ (1967) తెల్లవారడం నుంచి రాత్రి దాకా ఒక రోజును పాటలుగా నడిపిస్తుంది. భూపాళం పొద్దున, నీలాంబరి నిద్రవేళ అనే పద్ధతి తెలిసినవారికి ఈ ఆలోచన దగ్గరిది. ఆర్కెస్ట్రా భాగాలు నేటి చెవికి కొంచెం తీపి ఎక్కువ. ఒకసారి వింటే సరిపోతుంది.

ఈ ఆల్బమ్‌లో మెలోట్రాన్ అనే వాద్యం వినబడుతుంది. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్‌ల స్వరమో, వేణువు స్వరమో. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, సుమారు ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. నాటకాల హార్మోనియంలా గాలి ఉన్నంతసేపు స్వరాన్ని నిలపడం కుదరదు. ఆ ఎనిమిది సెకన్ల కొరత, టేపు కొద్దిగా వణకడం కలిసి మెలోట్రాన్‌కు ఒక దిగులు ధ్వని వచ్చింది. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ (1969 అక్టోబరు) ఆ దిగులు మీదే నిలబడింది. చాలామంది ప్రోగ్రెసివ్ రాక్ చరిత్రను దీనితోనే మొదలుపెడతారు. చరిత్రకు అది సరే. వినికిడికి మాత్రం దీన్ని మూడోదో నాలుగోదో చేయాలి. మొదటి పాట కరకు శాక్సఫోన్, గిటారులతో మీద పడుతుంది, అక్కడే భయపడి ఆపేసేవారుంటారు. రెండో పాట వేణువుతో మెల్లగా సాగుతుంది. దానితో మొదలుపెట్టి మొదటిదానికి తిరిగి రావచ్చు. అట్ట మీద అరిచే ముఖాన్ని గీసిన బారీ గాడ్బర్ వృత్తికి కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే, ఇరవై నాలుగేళ్ల వయసులో చనిపోయాడు.

యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972) ఈ శాఖకు శిఖరం అని ఈ వ్యాసకర్త తీర్పు. పక్షుల కూతలు, నీటి గలగలతో మొదలై, ఒక్కసారిగా అన్ని వాద్యాలూ తలో దిక్కుకు పరిగెత్తుతాయి. మూడు నిమిషాలు ఓర్చుకోవాలి. తర్వాత ఒక రాగం బయటపడుతుంది, మారు వేషాలతో చివరి దాకా తిరిగి వస్తూనే ఉంటుంది. ఎమ్మిగనూరు మగ్గం ముందు కూర్చున్నవారికి పడుగు ఒక దిక్కు, పేక ఒక దిక్కు పోతేనే బట్ట అవుతుందని చెప్పనక్కర్లేదు. క్రిస్ స్క్వైర్ బేస్ గిటారు పడుగు, స్టీవ్ హౌ గిటారు పేక. రచనకు ప్రేరణ హెర్మన్ హెస్సె నవల ‘సిద్ధార్థ’, అందులోని నది. జాన్ ఆండర్సన్ పాడే మాటలు ఇంగ్లీషువారికీ సగమే అర్థమవుతాయి. అతను మాటలను అర్థం కంటే నాదం కోసం ఎక్కువగా ఏరుకున్నాడు. ఇంగ్లీషు రాదని వెనకాడేవారికి ఇంతకంటే తగిన గాయకుడు లేడు.

జెనిసిస్ ‘ఫాక్స్‌ట్రాట్’ (1972), ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ (1973) కథలు చెప్పే ఆల్బమ్‌లు. గాయకుడు పీటర్ గేబ్రియల్ వేదిక మీద వేషాలు మార్చుకుంటూ పాడేవాడు. ఏడు భాగాల ‘సప్పర్స్ రెడీ’ ఇరవై మూడు నిమిషాలు, దాదాపు వీధినాటకం.

చివరికి ఉంచవలసినవి

ఎమర్సన్ లేక్ అండ్ పామర్ ‘టార్కస్’ (1971)లో కీత్ ఎమర్సన్ కీబోర్డు పాండిత్యం అబ్బురపరుస్తుంది, త్వరగా అలసట కూడా తెస్తుంది. కింగ్ క్రిమ్సన్ ‘రెడ్’ (1974) బరువైన ఆల్బమ్. దాని చివరి రచన ‘స్టార్‌లెస్’ కోసం అంతదూరం నడవాల్సిందే. వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్, జెంటిల్ జయంట్ ఆ తర్వాత. ఇటలీలో ప్రెమియాటా ఫోర్నేరియా మార్కోని, జర్మనీలో కాన్, కెనడాలో రష్ తమ తమ దారులు వేశారు. ఫ్రాన్సులో మాగ్మా బృందం సొంతంగా ఒక భాషనే కల్పించుకుని పాడింది, కాబట్టి అక్కడ ఏ దేశపు శ్రోతకూ ఎక్కువ తక్కువలు లేవు. పంతొమ్మిదేళ్ల మైక్ ఓల్డ్‌ఫీల్డ్ దాదాపు అన్ని వాద్యాలూ తానే వాయించి చేసిన ‘ట్యూబ్యులర్ బెల్స్’ (1973) వర్జిన్ రికార్డ్స్ తొలి విడుదల.

1976-77 నాటికి ఇంగ్లండులో పంక్ వచ్చింది. మూడు స్వరమేళాలు, రెండు నిమిషాలు, కోపం. సెక్స్ పిస్టల్స్ గాయకుడు పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న చొక్కా మీద ‘నాకు ద్వేషం’ అని రాసుకుని తిరిగాడు. ప్రోగ్రెసివ్ బృందాల్లో కొన్ని విడిపోయాయి, కొన్ని చిన్న పాటల వైపు మళ్లాయి. 1980లలో మారిలియన్, 1990లలో డ్రీమ్ థియేటర్, పోర్క్యుపైన్ ట్రీ ఆ దారిని మళ్లీ తెరిచాయి. పోర్క్యుపైన్ ట్రీ నాయకుడు స్టీవెన్ విల్సన్ 2009 నుంచి కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్, యెస్ పాత టేపులను తిరిగి మిక్స్ చేశాడు. ఫోనులో వినేవారు ఆ కూర్పులను ఎంచుకుంటే వాద్యాలు విడివిడిగా స్పష్టంగా వినబడతాయి.

భారతదేశం వైపు తలుపు

పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ 1946లో అచ్చయింది. అందులో శాస్త్రాలను గురించిన ఒక పాదసూచిక చదివి, యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ (1973)కు పునాది వేశాడు. నాలుగు వైపులు, నాలుగు రచనలు: శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఆలోచన పెద్దది, సంగీతం మాత్రం చాలాచోట్ల సాగదీసినట్టుంటుంది. కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ ఆ ఆల్బమ్ నచ్చక బృందాన్నే వదిలాడు. భారతీయ ప్రస్తావన ఉందని దీనితో మొదలుపెట్టడం పొరపాటు.

అసలైన కలయిక జాన్ మెక్‌లాఫ్లిన్‌తో జరిగింది. ఇంగ్లండుకు చెందిన ఈ గిటారిస్టు మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ (1971), ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ (1973) చేశాడు. ఆ తర్వాత కరెంటు గిటారు పక్కన పెట్టి ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, టి.హెచ్. వినాయక్రామ్ ఘటంతో ‘శక్తి’ బృందం కట్టాడు. వారి తొలి ఆల్బమ్ 1975లో కచేరీలో రికార్డయింది. ఇటు సినిమా సంగీతం నుంచి ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్?’ (1986) తెచ్చి త్యాగరాజుకూ బాక్‌కూ అంకితమిచ్చాడు. ఈ క్యాసెట్ ఎందరికో తొలి మెట్టు అయి ఉండాల్సింది.

తెలుగువారికి ఈ శాఖతో నేరుగా ఉన్న బంధం మాత్రం పాలకొల్లు నుంచి వచ్చింది. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టాడు. రుద్రరాజు సుబ్బరాజు దగ్గర నేర్చుకుని, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడు. జంట తీగల పాశ్చాత్య మాండొలిన్‌ను ఒంటి తీగలకు మార్చి, కరెంటు జోడించి, గమకాలు పలికించాడు. జెనిసిస్ నుంచి 1975లో బయటకు వచ్చిన పీటర్ గేబ్రియల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ ప్రారంభించాడు. శ్రీనివాస్ ‘రామ శ్రీరామ’ ఆ సంస్థ నుంచే 1994లో వచ్చింది. మరుసటి ఏడాది అదే సంస్థకు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ చేశాడు. తర్వాత మెక్‌లాఫ్లిన్ తిరిగి కట్టిన ‘రిమెంబర్ శక్తి’లో చేరి, ‘ద బిలీవర్’ (2000)లో అతని పక్కన వాయించాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

కాబట్టి పాఠకుడికి ఇంకో దారి కూడా ఉంది. ఒక సాయంత్రం ‘డ్రీమ్’ వినండి. మరుసటి సాయంత్రం దాన్ని ప్రపంచానికి అందించిన గేబ్రియల్ ఇరవై రెండేళ్ల వయసులో పాడిన ‘ఫాక్స్‌ట్రాట్’ పెట్టుకుని, ‘సప్పర్స్ రెడీ’ తొమ్మిది లెక్కకు వచ్చేసరికి తొడ మీద తాళం వేయండి.